మంచు మీద నాణెం

ఫ్రిజ్ తలుపు తీసే ముందు ప్రతి ఉదయం అతను పొడుమాయన్ని ఒకసారి తిట్టుకుంటాడు. పైకి కాదు, నోట్లోనే. ఇరవై రెండేళ్లుగా తిడుతున్నా ఆ తిట్టు అరగలేదు. పొడుమాయన అంటే ఈ ప్రసూతి ఆసుపత్రి మందుల స్టోరుకు అతని కంటే ముందున్న గుమాస్తా. ఒక చేత్తో ముక్కుపొడుం డబ్బీ, ఒక చేత్తో తాళాల గుత్తి పట్టుకుని ఉద్యోగం పూర్తి చేసి, పింఛను తింటూ, ఒక రాత్రి నిద్రలోనే హాయిగా పోయాడు. అలాంటివాళ్లకే అలాంటి చావులు రాసిపెట్టి ఉంటాయి.

ఈరోజు తిట్టు కాస్త ఎక్కువసేపు సాగింది. ఆరు వారాల కిందట ఈ నేలమాళిగ మెట్ల మీదే జారి అతను కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పి మూడు రోజులైంది. కాలు సన్నబడి వేరే ఎవరిదోలా ఉంది. ఒంటికాలి మీద బరువు మోపి ఫ్రిజ్‌కున్న తాళం తిప్పడానికి రెండు చేతులూ కావాల్సి వచ్చాయి.

స్టోరు గది పొడవు పది అడుగులు. కిటికీ లేదు. ఎడమ గోడకు అవతల దుప్పట్లు ఉడికించే బాయిలరు ఉంది. ఆ గోడ మీద అరచెయ్యి ఆనిస్తే పొయ్యి మీంచి అప్పుడే దించిన గిన్నెను ముట్టుకున్నట్టు ఉంటుంది. గది మొత్తానికి ఉన్నది ఒకే ఒక ప్లగ్గు. దానికి ఫ్రిజ్. ఆసుపత్రిలో అందరూ అతన్ని ఫ్రిజ్ బాబాయ్ అంటారు. అసలు పేరు జీతం పట్టీలో తప్ప ఎక్కడా పలకదు.

ఆ ఫ్రిజ్‌లో ఉండేది నొప్పుల మందు. నెలలు నిండినా నొప్పులు రాని తల్లులకు సెలైన్‌లో కలిపి చుక్క చుక్కగా ఎక్కించేది. చిటికెన వేలంత గాజుబుడ్లు, లోపల నీళ్లలాంటి మందు. చల్లగా ఉంచినంత కాలం దాని బలం దానికి ఉంటుంది. వారాల తరబడి వేడి తగిలితే బలం తగ్గుతుంది. తగ్గినా రంగు మారదు, వాసన రాదు. చూసి చెప్పగలిగే మొనగాడు ఇంకా పుట్టలేదు. అందుకే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి థర్మామీటరు చూసి రిజిస్టరులో అంకె వెయ్యాలి. అతను అయిదో తరగతితో బడి మానేశాడు. అక్షరాలు ఇప్పటికీ వంకర్లే, కానీ అంకెలు మాత్రం అచ్చుగుద్దినట్టు రాస్తాడు.

థర్మామీటరు నాలుగు దగ్గర ఉంది. బాగానే ఉంది. రిజిస్టరు తెరిచాడు. ఆరు వారాల గళ్లలో అన్నీ నాలుగులే. ఒకే సిరా, ఒకే వాలు, ఒకే తొందర. ఈరోజు ఉదయం గడిలోనూ నాలుగు. ఇంకా రాని ఈరోజు సాయంత్రం గడిలోనూ నాలుగు.

అతను రిజిస్టరు మూసి ఫ్రిజ్ పై అర తలుపు తీశాడు. అందులో ఒక స్టీలు గ్లాసు ఉంటుంది. అతని భార్యది. కాన్పుకని ఇంటి నుంచి తెచ్చుకున్న సంచిలో వచ్చి, మళ్లీ అదే సంచిలో అతని చేతికి తిరిగొచ్చిన వాటిలో ఒకటి. గ్లాసునిండా నీళ్లు గడ్డకట్టించి, ఆ మంచు మీద ఒక నాణెం పెడతాడు. ఫ్రిజ్ ఆడుతున్నంత కాలం నాణెం పైనే ఉంటుంది. గంటల తరబడి ఆగిపోతే మంచు కరిగి నాణెం మునుగుతుంది. ఆనక మళ్లీ గడ్డకట్టినా సరే, అడుగునే ఉండిపోతుంది. రిజిస్టరు అబద్ధం ఆడొచ్చు, గ్లాసు ఆడదు.

నాణెం అడుగున ఉంది.

అతను లేని ఆరు వారాలూ స్టోరు చూసిన మనిషి కుర్చీలో జారగిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. ముప్పై ఏళ్లవాడు. సూపరింటెండెంటుకు భార్య తమ్ముడు. ఆసుపత్రి అంతా అతన్ని బావమరిది అనే పిలుస్తుంది, ఆ పిలుపుకే అతను పలుకుతాడు కూడా.

"ప్లగ్గు పీకావా?"

"పొద్దున్నే ఏంటి బాబాయ్, వచ్చీరాగానే. కాలెలా ఉంది?"

"నా కాలు సంగతి తర్వాత. పీకావా లేదా?"

"ఫ్యాన్ పెట్టుకున్నా. ఈ గదిలో మనిషి ఉడికిపోతాడు, మీకు తెలీదా? పగలు ఫ్యాన్, ఇంటికెళ్లేటప్పుడు ఫ్రిజ్. దాని వంతు దానికిచ్చా."

"రోజూనా?"

"ఆదివారాలు సెలవేగా."

"ఆదివారం కూడా నాలుగు వేశావు."

"మీరు ఇరవై ఏళ్లు వేసిందీ నాలుగేగా! నేను కొత్తగా అయిదు వేస్తే ఎవరైనా మెచ్చుకుంటారా?" బావమరిది తన మాటకు తనే నవ్వాడు. "అయినా కంగారెందుకు? ఇందాకే కొత్త పెట్టె దిగింది, ఐసు కూడా కరగలేదు. మూడో నంబరు మంచం అమ్మాయికి నిన్నటి నుంచి ఎక్కిస్తుంటే ఉలుకూ పలుకూ లేదట. చుక్కలు పెంచీ పెంచీ పై అంచుకి వచ్చిందట సిస్టరు. పైన బుడ్లు అయిపోయాయని ఆయా వస్తే, చేతికందిన కొత్త పెట్టెలోంచి తీసిచ్చా."

"ఎప్పుడు?"

"మీరు మెట్లు దిగుతుంటే ఆవిడ ఎక్కుతోందిగా. మీరే పక్కకి తప్పుకున్నారు."

అతను గ్లాసు అక్కడే పెట్టేసి బయటికి నడిచాడు.

కాన్పు గది రెండో అంతస్తులో ఉంది. నేలమాళిగ నుంచి అరవై ఆరు మెట్లు. ఇరవై రెండేళ్లుగా అతను నేల అంతస్తు దాటి ఒక్కసారీ ఎక్కలేదు. మందు పెట్టె మెట్ల మొదట్లో పెడితే ఆయాలు వచ్చి పట్టుకెళ్తారు. అందరూ అతనికి బద్ధకం అనుకున్నారు. అనుకోనిచ్చాడు.

కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే, ఆనాడు మూడేసి మెట్లు దూకుతూ ఎక్కిన కాళ్లు గుర్తొచ్చాయి. అప్పుడతను ఇక్కడే మూటలు మోసే కూలీ. ఫ్రిజ్ అప్పుడూ ఉంది. అందులో పొడుమాయన పళ్లూ, మంచినీళ్ల సీసాలూ, హెడ్ సిస్టరు పాలగిన్నే ఉండేవి. నొప్పుల మందు వేసవంతా బాయిలరు గోడ పక్కన అలమరలో ఉండేది. పైన అతని భార్యకు చుక్కలు పెంచుతూ పోయారు. కదలిక లేదు. అలమర ఖాళీ అయింది. ఐసులో పెట్టి పంపిన కొత్త పెట్టెను బండిలోంచి దింపింది అతనే. మా ఆవిడకే కావాలి, నేనే పట్టుకెళ్తా అని లాక్కుని పరిగెత్తింది అతనే. జీవం లేని మందుకు పెట్టిన చుక్కల లెక్కలోనే బలమున్న మందు ఎక్కించారు. గర్భసంచి చిరగడానికి ముప్పావు గంట పట్టింది. తల్లీ బిడ్డా ఇద్దరూ. పొడుమాయన వచ్చి భుజం మీద చెయ్యి వేసి, "ఎంతవరకు రాసుందో అంతవరకే" అన్నాడు. వేళ్లకు పొడుం వాసన.

నలభైనాలుగో మెట్టు దగ్గర కాలు మొరాయించింది. మిగతావి కూర్చుని, చేతులతో వెనక్కి జరుపుకుంటూ ఎక్కాడు. ఎవరో నవ్వారు కూడా.

గది తలుపు తోశాడు. మూడో నంబరు మంచం కిటికీ పక్కన. సిస్టరు కొత్త సెలైన్ సీసా కొక్కేనికి తగిలించి గొట్టం కలుపుతోంది.

"ఆగు తల్లీ! వదలకు!"

"బాబాయ్? ఇక్కడికెలా వచ్చారు? మగవాళ్లు రాకూడదు, బయటికి నడవండి ముందు."

"నడుస్తా. చుక్కలు మొదటి నుంచి లెక్కపెట్టు. ఇది కొత్త పెట్టెలోది. నిన్నటి నుంచి నువ్వెక్కించింది పాతది. ఆరు వారాలు ఉడికింది."

సిస్టరు చెయ్యి గొట్టానికున్న చుక్కల చక్రం మీదే ఆగింది. "ఉడికిందని మీకెవరు చెప్పారు?"

"నాణెం మునిగింది."

ఆమెకు నాణెం సంగతి తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కిందికొచ్చి, ఆ గ్లాసు చూసి పడీపడీ నవ్వింది. ఇప్పుడు నవ్వలేదు. చక్రం పూర్తిగా బిగించింది. డాక్టరమ్మను పిలవమని ఆయాను తరిమింది.

"పాతది పూర్తిగా చచ్చిందంటారా?"

"చచ్చిందో కొంచెం బతికుందో నాకేం తెలుసు? తెలీదు కాబట్టే చెబుతున్నా."

మంచం మీది అమ్మాయి తల తిప్పి చూసింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "ఏమైంది తాతా?"

తాతా అనిపించుకునే వయసు ఇంకా రాలేదు అతనికి. "ఏం కాలేదమ్మా. సీసా మారుస్తున్నారు, అంతే." పక్క బల్ల మీద గ్లాసులో నీళ్లున్నాయి. అందివ్వాలనిపించింది. అందివ్వకుండానే వెనక్కి తిరిగాడు. డాక్టరమ్మ గబగబా ఎదురొచ్చి అతన్ని దాటుకుని వెళ్లింది. "కాసేపు ఆపి, కింద నుంచి మొదలుపెట్టండి. పక్కనే కూర్చుని చూడండి" అన్న మాట వెనక నుంచి వినపడింది.

దిగడం ఎక్కడం కంటే కష్టమైంది.

మధ్యాహ్నమంతా అతను పాత బుడ్లన్నీ ఏరి పారవేసే పెట్టెలో సర్దాడు. రిజిస్టరులో ఆరు వారాల నాలుగుల మీదుగా స్కేలు పెట్టి ఎర్రగీత కొట్టాడు. పక్కన తన వంకర అక్షరాలతో 'తెలియదు' అని రాశాడు. గ్లాసును కుళాయి కింద పట్టి మంచు కరిగించి, నాణెం తీసి జేబులో వేసుకున్నాడు. గ్లాసులో కొత్త నీళ్లు పోసి మళ్లీ పై అరలో పెట్టాడు.

నాలుగింటికి సూపరింటెండెంటు పిలిపించాడు. బల్ల మీద రిజిస్టరు. బావమరిది గోడకు ఆనుకుని గోళ్లు చూసుకుంటున్నాడు.

"ఈ గీత ఎందుకు కొట్టావు? తనిఖీ వాళ్లు చూస్తే ఏమంటారు?"

"ఫ్రిజ్ ఆగిందని అంటారు సార్. ఆగిందిగా."

"తాళం ఎవరిది?"

"నాదే."

"మరి బాధ్యత?"

పొడుమాయన్ని ఎవరూ ఈ ప్రశ్న అడగలేదన్న సంగతి గొంతుదాకా వచ్చింది. మింగేశాడు.

"కాలు కూడా బాగాలేదుగా నీకు. రేపటి నుంచి దుప్పట్ల విభాగానికి వెళ్లు. మడతలు పెట్టే గది నేల అంతస్తులోనే, మెట్లుండవు. తాళం ఇతనికి ఇచ్చెయ్."

"ఇతనికా సార్?"

"ఇతనికే. ఇప్పుడు పని తెలిసింది కదా."

బావమరిది తల ఎత్తకుండానే చెయ్యి చాపాడు. "సాయంత్రం లెక్క రాసి తాళం ఇస్తా," అన్నాడు అతను. అది మాత్రం ఒప్పుకున్నారు.

అయిదున్నరకు ఆయా ఖాళీ పెట్టెలు దించడానికి మెట్ల మొదటికి వచ్చింది. అతను స్టోరు గుమ్మంలో నిలబడి అడిగాడు.

"మూడో నంబరు అమ్మాయి?"

"ఏ మూడో నంబరు బాబాయ్? ఇప్పుడు వేరే అమ్మాయి ఉంది దాని మీద."

"పొద్దున ఉన్న అమ్మాయి."

"ఆ పిల్లా! మూడింటికి అయింది. తల్లీ బిడ్డా ఇద్దర్నీ అవతలి వార్డుకి పంపేశారు."

"బాగున్నారా?"

"బాగుంటేనేగా పంపేది!"

"ఏం బిడ్డ?"

"ఈరోజు ఆరుగురు పుట్టారు, ఎవరు ఏంటో నాకేం గుర్తు? మీకేమైనా చుట్టాలా?"

"కాదు."

ఆయా పెట్టెలు ఒకదాంట్లో ఒకటి దూర్చి వెళ్లిపోయింది. బాయిలరు ఆగినట్టుంది, గోడ చప్పుడు లేదు. అతను థర్మామీటరు చూశాడు. అయిదు. పొద్దుటి నుంచి ఎన్నోసార్లు తలుపు తీశాడు కాబట్టి. ముందే వేసి పెట్టిన నాలుగును కొట్టేసి, పక్కన అయిదు వేశాడు. అచ్చుగుద్దినట్టు వచ్చింది.

పై అర తీశాడు. నీళ్లు గడ్డకట్టాయి. వేలితో నొక్కితే లోపలికి పోలేదు. గ్లాసును పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. చలికి వేళ్లు మొద్దుబారేదాకా. ఇంటికి తీసుకెళ్లొచ్చు. భార్య పెదాలు తగిలిన వస్తువు అతని దగ్గర ఇదొక్కటే. తీసుకెళ్తే మాత్రం ఇక్కడ నిజం చెప్పేది ఇంకేమీ మిగలదు.

జేబులోంచి నాణెం తీసి చొక్కాకు తుడిచాడు. మంచు మీద పెట్టి తలుపు వేశాడు. ప్లగ్గు గట్టిగా ఉందో లేదో చూశాడు. తాళం రిజిస్టరు మీద పెట్టి, కమ్మీ పట్టుకుని పైకి నడిచాడు.

చీకటి పై అరలో, గడ్డకట్టిన నీళ్లకు సరిగ్గా నడుమ, నాణెం పైనే ఉంది.