తీపి చూసినంతే

కోడికూరలో మసాలా వేస్తుండగా చర్చి మైకులో పాస్టరు అయ్యగారి గొంతు వినబడింది. "చనిపోయే ఘడియలో, అయ్యో ఇది చేయలేకపోయానే అన్న చింత విశ్వాసికి ఉండకూడదు." గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. మా ఇంటికీ చర్చికీ మధ్య ఒక్క వీధే. నెలలో మొదటి ఆదివారం నాకు ఆరాధన అంటే ఈ మైకే. ఆ రోజు ప్రభువు బల్ల ఉంటుంది, ప్రభువుని తలుచుకుంటూ అందరూ రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటారు. అదయ్యాక అయ్యగారి భోజనం మా ఇంట్లో. మా ఆయన సంఘపెద్ద. పెళ్లయిన ఏడాది నుంచీ ఇదే వరస. బల్ల దగ్గర ఇచ్చే ద్రాక్షరసం కూడా నేనే కాస్తాను. శనివారం నల్లద్రాక్ష ఉడికించి, పల్చటి గుడ్డలో వడకట్టి, పంచదార సరిపోయిందో లేదో నాలుక్కి తగిలించుకుని సీసాలో పోస్తాను. నేను రుచి చూసింది అంతే.

కొత్తలో ఒకసారి నేనూ బల్లకి వస్తానని అడిగాను. "అయ్యగారికి వడ్డించిన చెయ్యి దేవుడికి వడ్డించినట్టే. నీకు వేరే బల్లెందుకే" అంది మా అత్తగారు. లేచి తిరిగినన్నాళ్లూ ఆవిడ మాత్రం ఒక్క నెలా మానలేదు. రాత్రే వండి పెట్టేస్తానంటే, చల్లారిన కూడు పెడతావా ఆయనకి అని మా ఆయన నవ్వారు. ఆ తర్వాత అడగలేదు. మా అమ్మాయి జ్యోతి చిన్నదనీ, అత్తగారికి ఒంట్లో బాగోలేదనీ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వచ్చే నెల వెళ్దాంలే అనుకుంటుండగానే జ్యోతి డిగ్రీకొచ్చింది.

ఇప్పుడు ఎడమ రొమ్ములో గడ్డ. రాజమండ్రిలో డాక్టరమ్మగారు ముక్క తీసి పరీక్షకి పంపి, మంగళవారం ఆపరేషన్‌కి రమ్మన్నారు. భయపడొద్దన్నారు. నేను భయపడకుండా ఎప్పుడున్నాను? జ్యోతి కాలేజీ బస్సు కాస్త ఆలస్యమైతే కాలవలో పడిందనే అనుకుంటాను. మత్తు ఇచ్చాక ఇక లేవననే అనుకుంటున్నాను. లేవకపోతే అక్కడ ప్రభువుకి ఏం చెప్పాలి? నా బల్లకి ఎందుకు రాలేదమ్మా అంటే, కూర పొయ్యి మీద ఉందయ్యా అనాలా?

నిన్న ద్రాక్షరసం సీసా కోసం వచ్చినప్పుడు అయ్యగారికి చెప్పాను, ఈసారి నేనూ వస్తానని. ఆయన మంచివారే. "కంగారు పడకండమ్మా. మీరు మంచాన పడితే నేనే ఇంటికి తెచ్చి ఇస్తాను కదా" అన్నారు. మంచాన పడితే ఇస్తారు. నిలబడి వండుతున్నంతకాలం ఇవ్వరు. పక్కనే ఉన్న మా ఆయనకి వేరే బెంగ. "ఆపరేషనయ్యాక బరువులు ఎత్తకూడదంటున్నారండి. వచ్చే నెల నుంచి మీ భోజనం సంగతి మా జ్యోతి చూసుకుంటుంది లెండి" అన్నారు.

అందుకే ఇవాళ జ్యోతి చర్చికి వెళ్లకుండా నా పక్కన ఉల్లిపాయలు తరుగుతోంది, వాళ్ల నాన్న వంట నేర్చుకోమన్నారని. దానికి నా ముక్కు, నా చేతులు వచ్చాయి. ఈ గడ్డ కూడా వస్తుందేమోనని డాక్టరమ్మగారిని అడగలేకపోయాను. మైకులో పాట మొదలైంది. ఇక రొట్టె విరుస్తారు. స్టవ్ కట్టేశాను. కూరలో ముక్క ఇంకా ఉడకలేదు.

"కత్తిపీట పక్కన పెట్టి రా."

"మరి అయ్యగారి భోజనం?"

"చెయ్యి కడుక్కో."

కొంగు నెత్తిన కప్పుకుని వీధి దాటి, చర్చిలో ఆడవాళ్ల వైపు చివరి చాప మీద జ్యోతిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. రొట్టె పళ్లెం అప్పటికే మా వరస దాటిపోయింది. చిన్న కప్పులున్న ట్రే పట్టుకుని వస్తున్న మా ఆయన మమ్మల్ని చూసి ఆగారు. పక్కవాళ్లకి వినపడకుండా వంగి, "వంటయిందా?" అన్నారు.

"లేదండి" అన్నాను. ఒక కప్పు తీసి జ్యోతికిచ్చాను, ఒకటి నేను తీసుకున్నాను. ఇన్నేళ్ల చింతా ఆ గుక్కతో దిగిపోతుందనుకుని కళ్లు మూసుకుని మింగాను. ప్రభువు గుర్తుకు రాలేదు. పంచదార కాస్త తక్కువైందనుకున్నాను.