ఆవాల వీధి రోకలి

నేను ఒక రోకలిని. నా అద్దాల పెట్టెలో పెట్టిన అట్ట మీద మాత్రం 'ఆవాల వీధి హత్యాయుధం' అని రాసి ఉంటుంది. అది చదివినవాళ్లు ఒక అడుగు వెనక్కి వేసి, వెంటనే రెండడుగులు ముందుకొచ్చి ఫోటో తీసుకుంటారు. మనుషులకు భయమంటే ఎంత ఇష్టమో ఈ మ్యూజియానికి వచ్చాకే తెలిసింది.

పుట్టడం మన్యంలో, చండ్ర చెట్టుగా పుట్టాను. గోదావరి మీద తెప్పనై రాజమండ్రి చేరాను. వడ్రంగి నన్ను చిత్రిక పట్టాడు, కమ్మరి కొసకు ఇనప పొన్ను తొడిగాడు. కొనుక్కున్నది నూకరత్నం. ఇళ్లకు వెళ్లి వడ్లు దంచి బతికే ఒంటరి మనిషి. ఆమె పిడికిలి పట్టుకు అరిగి నా నడుం ఇప్పటికీ నున్నగా ఉంది.

ఆమె ఎక్కువగా దంచింది ఆవాల వీధిలో, కర్రల డిపో కోటిలింగం గారి దొడ్లో. నన్ను ఉంచేదీ అక్కడి రోటి పక్కనే. ఒకనాటి ఉదయం ఆయన, ఇకమీదట వడ్లు మిల్లుకు పంపుతాం, నువ్వు రానక్కర్లేదన్నాడు. నూకరత్నానికి కడుపు మండింది. వీధి వీధంతా వినేలా 'నీ తల పగల' అని తిట్టిపోసింది. ఆ వీధిలో ఆ తిట్టు పిల్లిని తోలడానికి కూడా తిడతారు. కానీ ఆ మధ్యాహ్నమే ఎవరో కోటిలింగం గారి తల నిజంగానే పగలగొట్టారు.

ఆ వేళకు నేను ఆ దొడ్లో లేను. పక్కింటి పేరిందేవమ్మ గారింట్లో ఉన్నాను. ఆవిడ కూతురు భద్రమ్మ పెళ్లి ఆ వారంలోనే. పెళ్లి పసుపు రెండు రోకళ్లతో దంచాలని వాళ్లింటి ఆనవాయితీ, ఇంట్లో చూస్తే ఒక్కటే ఉంది. రెండోదానిగా నూకరత్నాన్ని అడిగి నన్ను అరువు తెచ్చుకున్నారు. నన్ను కడిగి, బొట్లు పెట్టి, మెడకు పసుపుకొమ్ము కట్టారు. ముత్తైదువలు పాటలు పాడుతూ నన్ను ఎత్తి దించుతుంటే, పద్నాలుగేళ్ల భద్రమ్మ పీట మీద కూర్చుని సిగ్గుపడుతూ చూసింది. నా బతుకులో అంత గౌరవం మళ్లీ జరగలేదు. దంచడమయ్యాక, బియ్యానికి పసుపు అంటుకుంటుందని పేరిందేవమ్మ నన్ను శుభ్రంగా కడిగించి, పెరటి దారిన తెచ్చి కోటిలింగం గారి దొడ్లో రోటి పక్కన ఆనించి వెళ్లింది.

సాయంత్రం ఇంటి లోపల కోటిలింగం గారి శవం కనబడింది. పోలీసులు వచ్చారు. వాళ్లేమీ తెలివితక్కువవాళ్లు కారు. వడ్లు దంచే రోకలిని ఎవరూ కడగరని వాళ్లకూ తెలుసు. పొన్ను సందులో ఇంకా తడి ఉంది. నెత్తురు కడిగిన తడి అనుకున్నారు. పొద్దున్న తిట్టిన నోరు ఉండనే ఉంది. రోట్లో తల దూర్చి రోకటిపోటుకు వెరవనేల అంటారు గానీ, నూకరత్నం ఏ రోట్లోనూ తల దూర్చలేదు.

"అయ్యా, ఆ యేళప్పుడు రోకలి నా దగ్గర లేదండి. పేరిందేవమ్మగారింట్లో పసుపు దంచుతున్నారండి. ఆరినే అడగండి," అంది నూకరత్నం.

అడిగారు. మా పసుపు మా రోకలితోనే దంచుకున్నాం అంది పేరిందేవమ్మ. ముత్తైదువలు బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయారు. నేను వాళ్లింట్లో ఉన్నానంటే హత్యతో నాకు సంబంధం లేనట్టే కదా అని మీరనవచ్చు. అంత దూరం ఆలోచించే ఓపిక అపశకునానికి ఉండదు. హత్య కేసులో ఇరుక్కున్న రోకలితో పసుపు దంచారట అన్న మాట మగపెళ్లివారి చెవిన పడితే చాలు, పీటల మీది పెళ్లి ఆగిపోతుంది. పెళ్లి సవ్యంగా జరిగింది. విచారణ నాటికి పిల్ల ఇంకా కాపురానికి వెళ్లలేదు కనక పేరిందేవమ్మ కోర్టులోనూ అదే మాట చెప్పింది.

యావజ్జీవం వేశారు. బోను దిగుతూ నూకరత్నం బల్ల మీద ఉన్న నన్ను చూసి, "నా రోకలికి నోరుంటే బాగుణ్ణండి," అంది. కొయ్యకు ఏడుపు రాదంటారు. నాకు వచ్చింది.

తరవాత కోర్టు మూలగదిలో చెదలతో ఏళ్లూ పూళ్లూ గడిచాయి. నూకరత్నం జైల్లోనే పోయిందని తెలిసింది మాత్రం ఇక్కడికి వచ్చాకే, గైడు ప్రదీప్ నోట. ప్రతి ఆదివారం జనాన్ని పాత వీధుల్లో నడిపించి, చివరికి నా దగ్గరికి తెచ్చి, నూకరత్నం నన్నెలా ఎత్తిందో చేతులు ఎత్తి మరీ చూపిస్తాడు. మంచి కుర్రాడే. విన్నది చెబుతాడు.

మొన్నటి ఆదివారం ఆ గుంపులో మనవరాలి చెయ్యి పట్టుకుని ఒక ముసలావిడ వచ్చింది. ప్రదీప్ చేతులు ఎత్తబోతుంటే, కాస్త ఆగు బాబూ అంది. నేను భద్రమ్మను, పేరిందేవమ్మ కూతుర్ని అని చెప్పుకుంది. ఆ మధ్యాహ్నం ఈ రోకలి తన పెళ్లి పసుపు దంచుతోందని, తాను పీట మీద కూర్చుని చూశానని, నోరెత్తవద్దని అమ్మ ఒట్టు వేయించుకుందని నెమ్మదిగా, ఒక్క మాటా మింగకుండా చెప్పింది. అమ్మ పోయాక కూడా భర్త ఏమనుకుంటాడోనని ఊరుకుందట. ఆయన కిందటేడు పోయాడట. "యాభై ఏళ్ల పైన చల్లగా కాపురం చేశాను. ఏ కీడూ రాలేదు," అంది.

వెనకనుంచి ఒకాయన, అందరూ అడగాలనుకున్నదే అడిగాడు. "అయితే మరి చంపిందెవరండీ?"

"కోటిలింగం గారిని చంపిందెవరో నాకు తెలీదు బాబూ," అంది భద్రమ్మ. "నూకరత్నాన్ని చంపింది మాత్రం మేమే."

ప్రదీప్ చేతులు కిందికి దించేశాడు. అట్ట మార్చాలంటే పైవాళ్ల అనుమతి కావాలట. భద్రమ్మ కొంగు ముడి విప్పి, చిటికెడు పసుపు తీసి నా పెట్టె అద్దానికి రాసి వెళ్లింది. తుడిచే మనిషి రోజూ వస్తుంది, అద్దమంతా తుడుస్తుంది, ఆ పసుపు ఉన్నంత మేర మాత్రం వదిలేస్తుంది.