రన్‌వే మీద గుంజలు

పరుశురాం నిద్రలోనే చచ్చిపోయాడు. మగ్గాల మీద రాత్రి పాళీ దిగి, ఇంత తిని పడుకున్న మనిషిని గుడిసెతో సహా జేసీబీతో ఈడ్చి చంపారు. సూరత్ పక్కన భేస్తాన్ శివార్లలో, పట్టపగలు, పోలీసుల ఎదుటే చంపారు.

ఆ నేల సంగతి చెప్పాలి. పెద్ద యుద్ధం నాడు తెల్లదొరలు ఇక్కడి పేదల జొన్నచేలు లాక్కొని, విమానాలు దిగడానికి కాంక్రీటు పోశారు. యుద్ధమయ్యాక తిరిగి ఇస్తామన్నారు. దొరలు పోయారు, మిలిటరీ పోయింది, చేలు మాత్రం ఎవరికీ తిరిగి రాలేదు. ఇప్పుడు ఒక బిల్డరు అదంతా తనదే అంటున్నాడు. సూరత్ మగ్గాల మీద చీరలు నేసే, తెలంగాణ నుంచి వచ్చిన మనవాళ్లు ఏళ్లుగా ఆ రన్‌వే మీదే కాపురముంటున్నారు.

కాంక్రీటులో గుంత దిగదు. అందుకని డ్రమ్ముల్లో ఇసుక నింపి గుంజలు నిలబెట్టుకున్నారు. నలుగురు పట్టుకుంటే గుడిసె లేస్తుంది. పోయిన నెల బిల్డరు మనిషి వచ్చి సర్వే ఉంది, కాస్త పక్కకు జరుపుకోమంటే, పాళీకి పోయేలోపే నవ్వుకుంటూ జరిపేశారు. వాడు ఆ జరపడాన్ని ఫోటోలు తీసుకుపోయి, ఇవి ఇళ్లు కావు డేరాలని కోర్టులో చూపించాడు, ఆ మాట మీదే జేసీబీ తెచ్చి గుడిసెలన్నీ ఈడ్పించాడు. మన మంచితనమే మన మెడకు చుట్టుకుంది.

మగ్గాలాపి రెండు పాళీల వాళ్లూ శవం చుట్టూ చేరారు.

"ఇగ ఊరికి పోదాం," అన్నాడు కనకయ్య.

"ఊర్ల ఏమున్నది?" అంది లింగవ్వ, పరుశురాం భార్య. "బరువు లేకుంట అల్కగున్నదని గుడిసెను ఈడ్చిన్రు. గీసారి గుంజ పాతుదాం."

"మిలిటరీ కాంక్రీటు అక్కా. పగులది," అన్నాడు కనకయ్య.

"ఒక్కనితోని పగులది. అందరం కొడదాం."

గుంపులోంచి సోమలింగం ముందుకొచ్చి గడ్డపార ఎత్తాడు. మొదటి దెబ్బకు నిప్పురవ్వలు లేచాయి, అంతే. వంతులేసుకొని కొట్టారు. మధ్యాహ్నానికి మట్టి తగిలింది. ఆ చేల నల్లమట్టి ఇంకా చెమ్మగానే ఉంది.

పోలీసు వ్యాను వచ్చింది. "సర్కారీ రన్‌వే తోడ్తా హై?" అని, సర్కారు రన్‌వేనే పగలగొడతావా అంటూ సోమలింగాన్ని ఈడ్చుకుపోయారు.

"మనిషిని సంపినోన్ని పట్టుకోరు. నేలకు బొక్క పెడితే పట్టుకుంటరు," అంది లింగవ్వ. గుంజను గుంతలో నిలబెట్టి, చుట్టూ మట్టిని కాలితో తొక్కింది. గడ్డపార తీసి కనకయ్య చేతికిచ్చింది.

"నీ గుడిసె ఏడ ఉంటుండె?"

కనకయ్య చూపించాడు. వ్యాను రోడ్డెక్కకముందే అక్కడ దెబ్బ పడింది.