రొసేందా ఒంటిమీది ఉప్పు

నమ్మనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు, ఏమీ అనుకోను. మధ్యలో "తాతా, మరీ కోస్తున్నావు" అంటే మాత్రం ఊరుకోను. నేను తెబాన్‌ని. వయసులో ఉన్నప్పుడు నేను ఊపిరి బిగించి సముద్రంలో మునిగితే, పైకి తేలేలోపు ఒడ్డున అన్నం ఉడికేది, చల్లారేది, కుక్క తినేసి నిద్రపోయేది కూడా. నా పడవకి రెండు పక్కలా చాచిన వెదురు రెక్కలు చూసి భయపడి రెండు తుఫాన్లు పక్క దీవికి దారి మళ్ళాయి. అలాంటివాణ్ణి, ఒక షవర్ గురించి అబద్ధమాడతానా?

మా దీవిలో పొద్దుటిపని ఎప్పుడూ ఒకటే. ఊళ్ళవాళ్ళు, దేశాలవాళ్ళు వస్తారు. వీపుకి గాలిసీసాలు కట్టుకుని నా పడవ అంచు మీంచి వెనక్కి దొర్లి నీళ్ళలో పడతారు. గైడ్ రొసేందా వాళ్ళకి ముందు ఈదుకుంటూ పోయి, పగడపు కొమ్మల్లో చిటికెనవేలంత సముద్రపు గుర్రం ఎక్కడ దాక్కున్నా చూపిస్తుంది. పైకొచ్చాక స్నానం. గోడకి బిగించే షవర్ కాదు. నారింజరంగు రబ్బరు సంచి, దానికో గొట్టం, కాలితో తొక్కే పంపు, అంతే. నేను తొక్కుతాను, రొసేందా గొట్టం పట్టుకుని ఒక్కొక్కరి తలమీదా పోస్తుంది. ఒకసారి నేను కాస్త మనసుపెట్టి తొక్కితే ధార వెళ్ళి చర్చి గంటకి తగిలింది, జనం ప్రార్థనకి వచ్చి కూర్చున్నారు. సరే, అదలా ఉంచండి. అతిథులు కళ్ళు మూసుకుని "హమ్మయ్య" అంటారు. వాళ్ళ ఉప్పు పడవ చెక్కల సందుల్లోంచి మళ్ళీ సముద్రంలోకి జారిపోతుంది. సాయంత్రం లాంచీ ఎక్కి వాళ్ళ దారిన వాళ్ళు పోతారు.

రొసేందా పోలేదు.

మా దీవిలో ఎంత లోతు తవ్వినా ఉప్పునీళ్ళే. మంచినీళ్ళు అవతలి ఒడ్డునుంచి డబ్బాల్లో రావాలి. ఆ డబ్బాల గదికి డైవింగ్ కొట్టు యజమాని పొన్సియానో తాళం వేసి, తాళంచెవి మెళ్ళో సిలువ పక్కనే వేసుకుంటాడు. ఆయన పద్ధతి ప్రకారం ముందు అతిథులకి, తర్వాత రబ్బరు చొక్కాలకి, గాలిగొట్టాలకి. మిగిలితే గైడ్‌కి. ఎప్పుడూ మిగలదు. వాన పడితే పైపై ఉప్పు పోయేది, ఒంట్లోకి ఇంకింది పోయేది కాదు. మర్నాడు మళ్ళీ మునకే.

కడగని ఉప్పు ఒంటిమీదున్నవాళ్ళని సముద్రం తన చేపల్లోనే జమ వేసుకుంటుంది, దీవి దాటనివ్వదు కదా. మాబోటివాళ్ళకి ఎక్కడికీ పోయే పనిలేదు కాబట్టి బాధలేదు. రొసేందా అలా కాదు. మొగుడు వదిలేశాక, పాలు మానిన పిల్లని కొండల్లో ఉన్న అక్క ఆనితా దగ్గర పెట్టి, ఒక్క సీజను పనిచేసి పోదామని వచ్చింది. వచ్చిన ఏడే లాంచీ ఎక్కబోయి తెలుసుకుంది. ఆ తర్వాత ఏటా ఎక్కుతూనే ఉంది, దిగుతూనే ఉంది.

పోయినసారి నేనూ రేవులో ఉన్నాను. రొసేందా సంచీ ఒళ్ళో పెట్టుకుని చివరి బల్లమీద ముడుచుకుని కూర్చుంది. ఇంజను అరిచింది, పొగ వదిలింది. లాంచీ వెంట్రుకవాసి కదల్లేదు. జనం ఆమెవైపు చూడకుండా మర్యాదగా ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నారు.

టిక్కెట్లు కొట్టే అబుందియో వచ్చి మెల్లిగా అడిగాడు. "అక్కా, ఇంకా ఉందా ఒంటిమీద?"

"నిమ్మకాయలతో రుద్దుకున్నాను తమ్ముడూ. కొబ్బరిపీచుతో తోలు లేచేదాకా తోముకున్నాను."

"బండి కదలట్లేదు కదక్కా మరి."

కోళ్ళ బుట్టతో ఉన్న ముసలమ్మ నిట్టూర్చింది. "దిగిపో తల్లీ. పాపం నువ్వేం చేస్తావు, కానీ ఎండకి నా కోళ్ళు పోతాయి."

దిగింది. కాలు రేవుమీద పెట్టిందో లేదో, తాడు విప్పిన దూడలా లాంచీ ఉరికింది.

ఆ ఏడు పిల్ల చర్చిలో మొదటిసారి సత్ప్రసాదం తీసుకునే పండగ వచ్చింది. ఆదివారం పూజలో పిల్ల చేతిలో కొవ్వొత్తిని తల్లి వెలిగించాలి. శుక్రవారం పొద్దున ఫోన్లో ఆనితా కేకలు నాకూ వినబడ్డాయి.

"వస్తావా, రావా? ఒకే మాట చెప్పు."

"లాంచీ నడవాలి కదక్కా."

"ప్రతి ఏడూ అదే పాట! పిల్ల నన్నే అమ్మా అంటోందే. ఇన్నాళ్ళూ కాదమ్మా, పెద్దమ్మనని దిద్దుతున్నాను. ఆదివారం నువ్వు రాకపోతే నేనే వెలిగిస్తాను. ఆ తర్వాత దిద్దను. నీకు పిన్ని అనే పిలుపు రాసిపెట్టుకో."

రొసేందా ఫోను పెట్టేసి వెళ్ళి పొన్సియానో ముందు నిలబడింది. "అయ్యా, రెండు డబ్బాల నీళ్ళు."

ఆయన చెవిలో కోడీక తిప్పుకుంటూ నవ్వాడు. "ఉప్పు ఊడితే గైడ్ ఊడుతుంది. నేనంత వెర్రివాణ్ణా?"

వెర్రివాడు కాదు. డంబాచారి. అదే మధ్యాహ్నం ఆయన మేనల్లుడు బోయెట్ పట్నంనుంచి కెమెరాతో దిగాడు. కొట్టుకి పెద్ద బొమ్మ వేయించాలట, అందులో అందమైన అతిథి షవర్ కింద నవ్వాలట. ఆరోజు చూస్తే దిగినవాళ్ళు ఇద్దరు, ఇద్దరూ నాకంటే ముసలివాళ్ళు.

"రొసేందాని నిలబెట్టు మామయ్యా," అన్నాడు బోయెట్.

పొన్సియానో తాళంచెవి నిమురుకున్నాడు. "ఒక్క డబ్బాతో ఇవాళ్టి ఉప్పే కదా పోయేది. కానియ్."

పడవ మాసిపోయిందని బొమ్మ తీయడం సిమెంటు రేవుమెట్ల మీద పెట్టారు. పైమెట్టు మీద రొసేందా, పక్కన పంపు మీద నేను. కిందిమెట్టు మీద పొన్సియానో, చెప్పులు విప్పి, ఎండని ఆమె ముఖానికి తిప్పడానికి తళతళలాడే రేకు ఎత్తి పట్టుకున్నాడు. ధార విప్పాం.

"నవ్వు… ఆఁ… ఛ! కళ్ళు మూసేసింది," అన్నాడు బోయెట్.

"ఇంకో డబ్బా తే, తెబాన్," అన్నాడు పొన్సియానో, తాళంచెవి నాకు విసిరి.

రెండోసారీ కళ్ళు మూసింది. మూడోసారి తుమ్మింది. నాలుగోసారి కళ్ళు మూసేముందు ఒక్క క్షణం నావైపు చూసింది. నేనేమన్నా పసివాడినా? అప్పటిదాకా ఒక కాలితో తొక్కుతున్నవాణ్ణి రెండు కాళ్ళతో ఎక్కాను.

మొదటి నీళ్ళు పాలలా తెల్లగా దిగాయి, అది ఆ ఏటి ఉప్పు. తర్వాత బూడిదరంగుది వచ్చింది. ఆ తర్వాత గులకరాళ్ళంత గడ్డలు మెట్లమీద టకటక దొర్లాయి. అన్నిటికంటే చివర ఒక పలచని పొర, పాలపిల్ల తలవాసన వేస్తూ జారింది. రొసేందా అప్పుడు మాత్రం నిజంగానే ఏడ్చింది. అంత నీళ్ళలో ఎవరికి తెలుస్తుంది?

"బొమ్మ పడిందా లేదారా!" అని పొన్సియానో అరుస్తున్నాడు. రేకు అడ్డమొచ్చి ఆయనకి తన కాళ్ళు కనబడలేదు. మోకాళ్ళదాకా ఉప్పు కట్టి, సున్నం కొట్టిన స్తంభాల్లా ఉన్నాయి. చెప్పాల్సింది నేనే. చెప్పలేదు.

గదిలో డబ్బాలన్నీ అయిపోయాయి. కళ్ళు తెరిచిన బొమ్మ ఒక్కటీ పడలేదు. రొసేందా తడిజుట్టుతోనే సంచీ భుజాన వేసుకుని లాంచీ ఎక్కి చివరి బల్లమీద కూర్చుంది. అబుందియో ఆమెకి టిక్కెట్టు కొట్టకుండా ఆగాడు. ఇంజను అరిచింది. శెనక్కాయలు ఒలిచే చేతులు ఆగిపోయాయి. లాంచీ ఒకసారి వణికింది, మెల్లిగా రేవు వదిలింది. అబుందియో టిక్కెట్టు చింపి ఇచ్చి, "చిల్లర లేదక్కా, సర్దుకో," అన్నాడు.

ఆదివారం కొవ్వొత్తి వెలిగించింది రొసేందాయే. పిల్ల ఆమె మెడ దగ్గర ముక్కుపెట్టి చూసి, "వాన వాసనొస్తున్నావు," అని, మళ్ళీ ఒకసారి వాసన చూసి, "అమ్మా," అందట. ఫోన్లో ఈ మాట చెబుతూ ఆనితా ఏడ్చిన ఏడుపుకి నా చెవి తడిసింది.

సరిగ్గా అదే పొద్దున పొన్సియానో పందెంకోడిని చంకలో పెట్టుకుని లాంచీ ఎక్కాడు. ఇంజను అరిచింది. లాంచీ కదల్లేదు.

"బాబుగారూ, కాస్త దిగుతారా?" అన్నాడు అబుందియో.

"నాకేం ఉప్పురా! నేను సముద్రంలో కాలుపెట్టి పాతికేళ్ళు!"

"అది లాంచీకి చెప్పండి."

దిగాడు. కోడి దిగలేదు. అది వెళ్ళి పందెం గెలిచింది కూడా. ఆయన ఆ తర్వాత ఎన్ని డబ్బాలు కాళ్ళమీద కుమ్మరించుకున్నాడో! సొంత ఉప్పయితే నీళ్ళకి కరిగేది, అది మరొకరి ఉప్పాయె.

ఇంకా నమ్మకం కుదరలేదా? అయితే మా దీవికి వచ్చి సాక్షినే అడగండి. ఏ రోజు వచ్చినా, ఏ వేళకి వచ్చినా రేవుమెట్ల మీదే ఉంటాడు, ఎక్కడికీ పోలేడు. పేరు పొన్సియానో బకలాంగో.