పెళ్లికూతురు, పడుకున్న పోలీసు, ఈటీ ఇరవై

మా వీధిలో రాదోయెకు కోపం రాదు. నిద్ర రాదు. నలభై ఎనిమిదేళ్లు వచ్చినా పెళ్లి సంబంధం రాదు. పేరు పెట్టిన తల్లిదండ్రులకు ముందే తెలుసేమో. వచ్చిందల్లా బురెక్ అనే పొరల రొట్టె చేయడం ఒక్కటే. పొద్దున్నే ఆయన దుకాణం ముందు మా చాచక్ ఊరి జనం చెయ్యి చాచక తప్పదు. ఒక చేత బురెక్, ఒక చేత పెరుగు గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుని తింటారు. తిన్నాక పక్క కొట్లోకి వస్తే నేను గడ్డం గీస్తాను. గీస్తున్నంతసేపూ నోరు మూయను. కత్తి నా చేతిలో ఉంటుంది కాబట్టి వాళ్లే మూస్తారు.

రాదోయెకు ఇంకొకటి కూడా ఉంది. వాళ్ల నాన్న వదిలి వెళ్లిన, గోల్ఫ్ అనే పాత జర్మన్ కారు. దానికి స్ప్రింగులు కోసి, కొత్తవి వేసి, మళ్లీ దించి, ఎంత కిందికి తెచ్చాడంటే, మా వీధి పిల్లి దాని కింద దూరే ముందు రెండుసార్లు ఆలోచిస్తుంది. అంత మోజుతో చేసిన కారులో వెనక సీటు మీద మనిషన్నవాడు ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చుంటే కారు కుంగుతుందని ఆయన కూర్చోనివ్వడు. కారు తాళం చెవి కూడా ఇంకొకరి చేతికి ఇవ్వడు.

ఆ వేసవిలో తమ్ముడు విదోయెకు పెళ్లి కుదిరింది. మా దగ్గర పెళ్లికొడుకు సోదరుణ్ణి దేవెర్ అంటాం. పెళ్లికూతుర్ని పుట్టింటి గడప దాటించి మా చర్చి గుడి దాకా తీసుకెళ్లే పూచీ ఆయనదే. ఇంకేముంది, రాదోయె తన కారులోనే తీసుకెళ్తానన్నాడు.

పెళ్లికూతురు నెవెంకా సంగీత పాఠశాలలో పియానో చెబుతుంది. ఆమె చెవి ఎలాంటిదంటే, నా కొట్లో కత్తెర చప్పుడు విని, "ఒక స్క్రూ వదులైంది, చూసుకోండి" అని వెళ్లిపోయింది. చూస్తే నిజంగానే వదులైంది. కత్తెరదే లెండి, నాది కాదు.

ఆదివారం భోజనాల దగ్గర ఆమె రాదోయెను అడిగింది. "బావగారూ, మొన్న మీ కారు చౌరస్తాలో తిరుగుతుంటే మేక పీక నులిమినట్టు ఒక చప్పుడొచ్చింది. అదేంటి?"

"టైరు, అమ్మా. మడ్‌గార్డు అంచుకు కాస్త గీరింది."

"నా పెళ్లినాడూ గీరుతుందా?"

"గీరదు."

"గీరిందంటే నేను దిగి నడుస్తాను. ముందే చెబుతున్నాను."

విదోయె సూపులోకి తల దించుకున్నాడు. పెళ్లికి పెద్ద సాక్షిగా నిలబడే కుమ్ బ్రాతిస్లావ్ గారు గొంతు సవరించుకుని, "నా తెల్ల కారు ఉందిగా. సోఫా లాగా ఉంటుంది" అన్నాడు. రాదోయె ముఖంలో కోపం రాలేదు. కానీ రక్తం వచ్చింది, చెవుల దాకా. చక్రం గీరితే ఈయన గీర పోతుందని నాకు అర్థమైంది.

ఆ మర్నాడు నన్ను దుకాణం వెనక్కి పిలిచాడు. పిండి బస్తాల మధ్య రెండు జతల రిమ్ములు ఉన్నాయి. వెనక చక్రాలకు ఏ జత వేయాలన్నదే ఆయన బెంగ. వెడల్పు ఒకటే, మెరుపు ఒకటే. లోపలి వైపు అచ్చు గుద్దిన నంబరు మాత్రం వేరు. ఒక జత మీద ఈటీ ముప్పై ఐదు, ఇంకో జత మీద ఈటీ ఇరవై.

"ఈటీ అంటే ఏంటి? ఈటెకు చుట్టమా?"

"ఆఫ్‌సెట్, కొమ్షియా." పక్కింటివాణ్ణి కాబట్టి నన్నలాగే పిలుస్తాడు. "ముప్పై ఐదు వేస్తే చక్రం సిగ్గుపడ్డట్టు లోపలికి పోతుంది. ఏ గొడవా ఉండదు, అందమూ ఉండదు. ఇరవై వేస్తే పదిహేను మిల్లీమీటర్లు బయటికొచ్చి మడ్‌గార్డుతో సరిగ్గా ఒక గీతలో నిలబడుతుంది."

"నంబరు తగ్గితే చక్రం బయటికి రావడమేంటి? తలకిందులుగా ఉందే."

"అంతే."

"అదే, ఎందుకంతే?"

"నా పిండి పులుస్తోంది, వెళ్లు."

ఆ ప్రశ్న నా బుర్రలో ఇరుక్కుపోయింది. గడ్డాలు గీస్తూ వచ్చినవాళ్లందర్నీ అడిగాను. ఒకాయన జర్మన్లు అలాగే లెక్కపెడతారన్నాడు. ఇంకొకాయన తన గడ్డం సంగతి చూడమన్నాడు. ఆఫ్‌సెట్ నాకు సెట్ అవలేదు, బుర్ర మాత్రం ఆఫ్ అయింది.

రాదోయె మాత్రం ఇరవై జత బిగించి పరీక్ష మొదలుపెట్టాడు. ఊళ్లో మిగతావాళ్లు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందును స్కేలు పెట్టి కొలుస్తారు. ఈయన రొట్టెలవాడు. మడ్‌గార్డు అంచు లోపల వరుసగా నిమ్మకాయంత పిండి ముద్దలు అంటించాడు. కారు తోలి వచ్చి, వంగి, ఏ ముద్ద ఎంత అణిగిందో చూసేవాడు. అప్పడమైతే అంచు తగులుతున్నట్టు. అప్పుడు అంచును వేడి చేసి, బురెక్ పొరలు సాగదీసే కర్రను టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య దూర్చి, కారును ముందుకూ వెనక్కూ నెట్టించేవాడు. నెట్టింది ఎవరో చెప్పనక్కర్లేదు. కర్ర దొర్లుతుంటే రేకు అంచు బుద్ధిగా లోపలికి ముడుచుకునేది. తరవాత ఆ కర్రతోనే బురెక్ చేశాడేమోనని నేను వారం రోజులు జున్ను మీదే బతికాను.

ఖాళీ కారు గీరడం మానేసింది. కానీ వెనక పెళ్లికూతురు కూర్చుంటుంది కదా. రాదోయె ఫోన్ చేసి, "అమ్మా నెవెంకా, నువ్వెన్ని బస్తాలుంటావు?" అని అడిగాడు. అవతల పియానో మూత మూసిన చప్పుడు. తరవాత, "పెళ్లి బట్టలతోనా, లేకుండానా?" అని జవాబొచ్చింది.

బస్తా ఇరవై కిలోల లెక్కన మూడు బస్తాలని తేలింది. వెనక సీటు మీద మూడు పిండి బస్తాలు కూర్చోబెట్టి, బెల్టు కూడా పెట్టి, తను స్టీరింగు పట్టుకుని, గుడి దారిలో ఉన్న పడుకున్న పోలీసులందరి మీదుగా వెళ్లొచ్చాడు. స్పీడ్ బ్రేకర్ని మేం అలాగే పిలుస్తాం. రోడ్డు మీద అడ్డంగా పడుకుని, ఎవరి మాటా వినకుండా ఉంటుంది మరి. బ్రేకరు మీద బేకరు గెలిచాడు. ముద్దలు అణిగాయి గానీ గోరంత మందం మిగిలింది.

"ఇరవయ్యే," అన్నాడు రాదోయె. ఆయన కళ్లలో నీళ్లు రాలేదు, రాదోయె కదా. కానీ వంగి ఆ రిమ్మును చొక్కా చేతితో తుడిచాడు.

మా దగ్గర పెళ్లికొడుకు ఆపిల్‌ను కొట్టి పడేస్తేనే పిల్లను పంపుతారు. పెళ్లిరోజు విదోయె అత్తగారింటి చెట్టు కొసన కట్టిన ఆపిల్‌ను తుపాకీతో కొట్టాడు. అంటే ఆపిల్‌ను తప్ప అన్నిటినీ కొట్టాక, మామగారు జాలిపడి కొమ్మ ఊపితే అదే పడింది. బూరలు మోగాయి. నెవెంకా గడప దాటింది. రాదోయె ఆమె చేయి పట్టుకున్నాడు. గుడి మెట్ల దాకా దేవెర్ ఆ చేయి వదలకూడదు. వదిలితే పెళ్లికూతురు చేజారిందని ముసలమ్మలు ఏడాదంతా చెప్పుకుంటారు.

కారు అద్దాలకు కుట్టుపని తువ్వాళ్లు కట్టి ఉన్నాయి. రాదోయె తిన్నగా డ్రైవర్ తలుపు దగ్గరికి నడిచాడు, వెనకే చేయి పట్టుకుని నెవెంకా. అక్కడ ఆగాడు. బ్రాతిస్లావ్ గారు చాలా నెమ్మదిగా అడిగాడు. "ఆ చేయి పట్టుకుని గేరు ఎలా మారుస్తావయ్యా?"

బూరలు ఆగిపోయాయి. ఇన్ని వారాలు ముద్దలు అంటించాం, కర్రలు దొర్లించాం, బస్తాలకు బెల్టులు పెట్టాం. దేవెర్ అనేవాడు పెళ్లికూతురు పక్కన వెనక సీట్లో కూర్చోవాలన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఊళ్లో ప్రతి పెళ్లిలో చూసిందే. ఎప్పుడూ తనే తోలే కారు కనుక, తను లేని స్టీరింగు ఆయన ఊహకే రాలేదు.

"నేనెన్ని బస్తాలుంటాను?" అని నా చెవిలో గొణిగాడు.

"నాలుగున్నర. నిన్న రాత్రి విందుతో అయిదు."

ముప్పై ఐదు జత ఊరి అవతలి కొసన దుకాణంలో ఉంది. గుడిలో పాదరీ గడియారం చూసుకుంటున్నాడు. రాదోయె తాళం చెవి నా చేతిలో పెట్టాడు. కన్నకూతుర్ని అప్పగించేటప్పుడు నెవెంకా వాళ్ల నాన్న కూడా అంత బాధపడలేదు.

ఇద్దరూ వెనక కూర్చున్నారు. కారు ఒక నిట్టూర్పు విడిచి కుంగింది. నేను గుడ్ల బుట్ట మోస్తున్నట్టు తోలాను. రోడ్డు నున్నగా ఉన్నంతసేపూ బాగానే ఉంది. అద్దంలో చూస్తే రాదోయె కడుపు లోపలికి పీల్చి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు, అలా చేస్తే బరువు తగ్గుతుందన్నట్టు.

"బావగారూ, ఊపిరి తీసుకోండి. నా చేయి తిమ్మిరెక్కుతోంది."

బడి దగ్గర మొదటి పోలీసు పడుకుని ఉన్నాడు. ముందు చక్రాలు ఎక్కి దిగాయి. వెనక చక్రాలు ఎక్కడం మొదలుపెట్టగానే ఎడమ వైపు నుంచి మేక వచ్చేసింది. పొడుగ్గా, బొంగురుగా. నేను బ్రేకు వేసి, కారును మెల్లగా వెనక్కి జారనిచ్చాను.

"మధ్యమం," అంది నెవెంకా. "అది కూడా అపస్వరం."

ఆమె తలుపు తీసుకుని దిగింది. చేయి వదలకూడదు కనుక రాదోయె కూడా సీటు మీద దేకుతూ ఆమె వెనకే అదే తలుపులోంచి దిగాడు. వెనక ఊరేగింపు అంతా ఆగింది. బ్రాతిస్లావ్ గారు పరుగున వచ్చి తెల్ల కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. "రా అమ్మా. మనసులో ఏం పెట్టుకోకు."

"నడుస్తానన్నాను గానీ కారు మారతానని అనలేదు," అని ఆమె నడక మొదలుపెట్టింది. పక్కన రాదోయె, తలవంచుకుని, బడికి ఆలస్యమైన పిల్లాడిలా.

రోడ్డు మధ్యలో కారు నిలిపి ఉంచలేను. ఎలాగూ పరువు పోయింది కదా అని తోలేశాను. వెనక చక్రాలు పోలీసు మీదికి ఎక్కాయి. దిగాయి. కిమ్మనలేదు.

నెవెంకా టక్కున ఆగి వెనక్కి తిరిగింది. చెప్పాగా, ఆ చెవి. వచ్చే చప్పుడు కోసం కాచుకుని ఉంది, రాలేదు. "ఇప్పుడెందుకు మోగలేదు?"

"మనం దిగాం కదమ్మా. బరువు తగ్గి పైకి లేచింది," అన్నాడు రాదోయె.

"ఎంత లేచింది?"

"ఒక వేలు మందం."

"అంతేనా? అసలు చక్రాన్ని అంత బయటికి ఎందుకు పెట్టారు?"

"ఈటీ ఇరవై. ముప్పై ఐదు వేసుంటే లోపలికి ఉండేది."

"తక్కువ నంబరుకి బయటికా?"

"అదే నేనూ అడిగాను," అన్నాను కారులోంచి తల బయటపెట్టి. "ఇంతవరకూ చెప్పలేదు."

రాదోయెకు ఒక చెయ్యే ఖాళీగా ఉంది. దాంతో తలమీది టోపీ తీసి, "నీ పిడికిలి ఇలా పెట్టు కొమ్షియా" అన్నాడు. కారు ఆపి దిగి, పిడికిలి బిగించి చాచాను. చాచక్‌వాణ్ణి కదా. "పిడికిలి హబ్బు. టోపీ చక్రం. ఇదిగో, పిడికిలి టోపీలోకి లోతుగా దూరింది. టోపీ చెయ్యిని మింగి లోపలికొచ్చింది, చూశావా? ఆ లోతే నంబరు. ఎక్కువ లోతు, పెద్ద నంబరు, చక్రం లోపలికి." టోపీని కాస్త వెనక్కి లాగాడు. "ఇప్పుడు లోతు తగ్గింది. టోపీ బయటికొచ్చింది. ఇది ఇరవై."

పెళ్లి ఊరేగింపు హారన్లు కొడుతోంది. నెవెంకా తన పూలగుత్తిని నా చేతికిచ్చి, ఆ టోపీని దాని మీద పెట్టి, లోపలికి తోసి, వెనక్కి లాగి, మళ్లీ తోసింది. తరవాత పెళ్లి గౌను పోగేసుకుని రోడ్డు మీద గొంతుక్కూర్చుని, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య వేలు పెట్టి చూసింది. వేలికి పిండి అంటుకుంది.

"ఇదేంటి, పిండా?"

"కొలత," అన్నాడు రాదోయె.

ఆమె చక్రాన్నీ రేకునీ కలిపి పైనుంచి కిందికి చూసింది. ఒకే గీత. "బాగుంది," అంది చివరికి, తన విద్యార్థి మొదటిసారి తప్పు లేకుండా వాయించినట్టు. "గుడి దాకా ఇంకా ఎంతమంది పోలీసులున్నారు?"

"ఇద్దరు."

"అయితే వాళ్ల దగ్గర దిగుదాం. మిగతా దారి కూర్చుందాం. గీరితే దిగి నడుస్తానన్నాను, నడిచాను. మళ్లీ ఎక్కనని అనలేదు."

రాదోయెకు రానిది అప్పుడొచ్చింది. కోపం కాదు, నిద్రా కాదు. జేబురుమాలు నా దగ్గర తీసుకున్నాడు.

అలాగే వెళ్లాం. పోలీసు కనిపించగానే నేను ఆపేవాణ్ణి. ఇద్దరూ చేయి చేయి పట్టుకుని దిగి, దాన్ని కాలినడకన దాటి, అవతల ఎక్కేవారు. రెండో చోట బూరలవాళ్లు కూడా దిగి వాయించారు. మూడో చోట ఊరేగింపు ఊరేగింపంతా దిగి దాటింది. బ్రాతిస్లావ్ గారు తెల్ల కారు ఒక్కటే దర్జాగా వస్తుందనుకున్నాడు గానీ, అందరూ దిగాక తను కూర్చోవడం బాగుండదని దిగేశాడు. గుడి మెట్ల దగ్గర నా కారులోంచి, అంటే రాదోయె కారులోంచి, పెళ్లికూతురు దిగింది. ఆ చేయి అందాకా వదల్లేదు.

ఇప్పుడు నెవెంకా వీధిలో ఆగి ఉన్న ప్రతి కారు దగ్గరా వంగి, సందులో వేలు పెట్టి చూస్తుంది. విదోయె దూరంగా నిలబడి ఆమె ఎవరో తనకు తెలియనట్టు నటిస్తాడు.

మొన్న శరదృతువులో బడి ముందు నుంచి ఎవరిదో పెళ్లి వెళ్తోంది. ఎత్తయిన జీపు. దాని కింద పిల్లి కాదు, దూడ దూరుతుంది. పోలీసు దగ్గర జీపు ఆగింది. పెళ్లికూతురూ దేవెరూ చేయి చేయి పట్టుకుని దిగి, దాటి, మళ్లీ ఎక్కారు. నేనూ రాదోయె బడి గోడకు ఆనుకుని బురెక్ తింటున్నాం. పక్కనున్న ముసలమ్మను ఎందుకు దిగారని అడిగాను.

"ఎందుకేంటయ్యా? దిగాలి. మా కాలం నుంచీ ఉన్నదే. దిగకపోతే కాపురంలో చప్పుళ్లు వస్తాయి. ఏ ఊరు నీది?"

రాదోయె నమలడం ఆపి జీపు వెనక చక్రం వైపు చాలాసేపు చూశాడు.

"ముప్పై ఐదు," అన్నాడు. "దిగకపోయినా గీరదు."