కరెంటు మాత్రం తియ్యకు

తలలో సగం తెల్లబడ్డా ఆఫీసులో అతన్ని అందరూ చిన్నోడనే పిలుస్తారు. ఆ పేరు పెట్టింది వాళ్ళక్క. ఇంట్లో ఉండాల్సిన పేరును ఆఫీసుదాకా మోసుకొచ్చింది బావ. బావా బావమరుదులిద్దరూ ఒకే మందుల గోదాములో నెట్‌వర్క్ ఇంజనీర్లు. బావ దగ్గరే పని నేర్చుకుని, ఇప్పుడు ఆయన పక్క కుర్చీలో కూర్చునేదాకా వచ్చాడు చిన్నోడు. పక్క కుర్చీ దొరికాక మనిషికి కాస్త నిక్కు రావడం మామూలే. బావ చెప్పే జాగ్రత్తలు ఈ మధ్య అతనికి చాదస్తంగా వినిపిస్తున్నాయి.

ఆ రోజు పొద్దున్నే గోదాములో కొంప మునిగింది. చల్లగదుల్లో వేడి పెరిగితే ఆ కబురును కంట్రోలు రూముకు చేరవేసే నెట్‌వర్క్ స్విచ్ ఒకటి నడవాలో ఇనప బీరువాలో ఉంటుంది. తెల్లవారేలోపు ఎప్పుడో అది మొండికేసింది. దాని మీది దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, పని మాత్రం సున్నా. అదే సమయానికి రెండో గదిలో చల్లదనమిచ్చే యంత్రం ఆగింది. మోగాల్సిన గంట మోగలేదు. గది నిండా ఉన్న మందులు పారబోసే సరుకైపోయాయి. ముందురోజు సాయంత్రం ఆ స్విచ్‌లో ఏదో మార్చి ఇంటికెళ్ళింది బావ. ఇంకేముంది, దొంగ దొరికేశాడు. విచారణ రేపు, అందాకా లోపల అడుగు పెట్టొద్దన్నారు. ఆయన కార్డూ లాప్‌టాప్పూ తీసేసుకున్నారు. విచారణ తేలేదాకా ఆయనతో పని విషయాలేవీ మాట్లాడొద్దని మేనేజరు అందరికీ చెప్పాడు.

గేటు దగ్గర కార్డు ఇచ్చేస్తూ బావ చిన్నోణ్ణి పక్కకు పిలిచాడు.

"ఏ నిమిషానికి ఏం జరిగిందో అది వరసగా రాసుకుంటుంది కదా, ఆ చిట్టా చదువు. నా మార్పువల్ల ఆగిందో, లోపల వేడెక్కి ఆగిందో అందులో ఉంటుంది. కరెంటు మాత్రం తియ్యకు. తీస్తే చిట్టా పోతుంది."

"నాకు తెలుసుగా బావా."

"ముందు క్లిప్పు పెట్టి చూసుకో."

"సరే, సరే."

క్లిప్పంటే కాగితాలకు పెట్టే క్లిప్పే. స్విచ్ మొరాయించి నెట్‌వర్క్ దారిన అందనప్పుడు, దాని ముందున్న కన్సోల్ పోర్టు అనే రంధ్రానికి నేరుగా కేబుల్ తగిలించి, లాప్‌టాప్‌లో నల్లతెర మీద దానితో మాట్లాడాలి. అలా మాట్లాడబోయే ముందు బావ ప్రతిసారీ కేబుల్ కొసన రెండు తీగలను క్లిప్పుతో కలిపేవాడు. అప్పుడు మనం కొట్టిన అక్షరం బయటికి వెళ్ళి తిరిగి మన తెర మీదికే రావాలి. వస్తే మన వైపు అంతా బాగున్నట్టు. "అవతలివాణ్ణి అనేముందు నీ మాట నీ నోరు దాటుతోందో లేదో చూసుకోరా" అనేవాడు. పెళ్ళిచూపుల్లో గొంతు సవరించుకున్నట్టు ఇదేం తంతు అని చిన్నోడు నవ్వేవాడు.

నడవా ఇరుకు. బీరువా ముందు స్టూలేసుకుని, లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే వచ్చేపోయే ప్రతివాడూ అతని మోకాళ్ళు దాటాల్సిందే, దాటుతూ "అయిందా?" అని అడగాల్సిందే. సరుకు దింపే తలుపు దగ్గర లారీ ఆగి ఉంది. మిగతా గదుల్లో వేడి చూడటానికి మనుషులు థర్మామీటర్లు పట్టుకుని తిరుగుతున్నారు. దాంతో గోదాములో ఇంకే పనీ జరగడం లేదు.

కేబుల్ తగిలించి ఎంటర్ నొక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. స్విచ్‌కున్న ఒక నెట్‌వర్క్ తీగ పీకి మళ్ళీ పెట్టాడు. అలా చేస్తే బతికున్న స్విచ్ ఏదో ఒకటి అంటుంది. అంది కూడా. తెర మీద ప్రశ్నార్థకాలు, డబ్బాలు, పిచ్చిగీతలు కుప్ప పడ్డాయి. అతనికి ప్రాణం లేచొచ్చింది. లాప్‌టాప్, స్విచ్ రెండూ మాట్లాడే వేగం కలవకపోతే అలాగే వస్తుంది. వేగం మార్చి ఇంకోసారి తీగ పీకాడు. ఈసారి ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక లైను వచ్చింది, ఫలానా పోర్టు ఆగిందని. పెడితే ఇంకో లైను, ఫలానా పోర్టు వచ్చిందని.

"దారికొచ్చావు," అనుకుని ఎంటర్ నొక్కాడు. ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు. తీగ పీకినప్పుడల్లా మాట్లాడుతుంది, తను అడిగితే మాత్రం నోరు మెదపదు. సంచీలోంచి ఇంకో కేబుల్ తీశాడు. అదీ మొదటిదానిలాగే తను చేసుకున్న మూడు తీగల కేబులే. కేబుల్ కొసలు ఊడదీసి మళ్ళీ బిగించాడు. లాప్‌టాప్ రంధ్రం మార్చాడు. అన్నీ చేశాడు, క్లిప్పు తప్ప.

క్లిప్పు జేబులోనే ఉంది. చెయ్యి అక్కడిదాకా పోయింది కూడా. కానీ తెర మీద అక్షరాలు అంత శుభ్రంగా వస్తుంటే కేబుల్లో లోపం ఎక్కడుంటుంది? పైగా నడవాలో అంతమంది చూస్తుండగా ఆ పిల్లచేష్ట ఒకటా? ఫోను తీసి బావ నంబరు దాకా వెళ్ళి, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. మేనేజరు వద్దన్నాడనేది పైకి చెప్పుకున్న కారణం. ఇది కూడా చేతకాలేదా అని బావ అనుకుంటాడనేది ఇంకాస్త లోపలిది.

అంతకంటే లోపల మరొకటి ఉంది. పొద్దుటినుంచీ ఒక పురుగు తొలుస్తోంది. బావ ఈ మధ్య అలిసిపోతున్నాడు. పోయిన నెలలో కూడా ఒక పోర్టు బదులు ఇంకోటి ఆపేసి నాలిక్కరుచుకున్నాడు. ఒకవేళ ఆయనే చేసి ఉంటే? ఆ చిట్టా తెరిచి, అందులో బావ తప్పు కనిపిస్తే, దాన్ని నలుగురిలో చదవాల్సింది తనే. ఆ కబురు అక్కకు చెప్పాల్సింది తనే. చిట్టా చదవలేకపోతే బాగుండునని అతను కోరుకోలేదు, ఆ మాట ఎవరి మీద ఒట్టేసైనా చెప్పగలడు. కానీ చదవలేకపోతున్నందుకు రావలసినంత గాభరా రాలేదు. సిగ్గుపడాల్సింది అందుకే.

మధ్యాహ్నం దాటాక మేనేజరు వచ్చి పక్కన నిలబడ్డాడు. మనిషి చెడ్డవాడు కాదు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదని ముఖమే చెబుతోంది.

"మూడో గదిలో కూడా వేడి పెరుగుతోందంటున్నారు. ఇది బతికే ఉందా, పోయిందా? ఏదో ఒకటి చెప్పండి."

"మాట్లాడుతోంది సార్. వినడం లేదు."

"మరి ఆపి మళ్ళీ పెట్టండి."

"ఆపితే లోపలి చిట్టా పోతుంది సార్. రేపటి విచారణకు అదే ఆధారం."

"సరే. దాన్ని మీరు చదవగలరా?"

చిన్నోడు కేబుల్ కొసను ఇంకాస్త లోపలికి నెట్టాడు.

"చదవలేని చిట్టా ఉంటే ఎంత, పోతే ఎంత?" అన్నాడు మేనేజరు. గొంతు పెంచి కూడా అనలేదు. "పని తెలిసినవాళ్ళు మీరు. మీరు ఊ అంటేనే ఆపుదాం."

అతను ఇంకొక్కసారి ఎంటర్ నొక్కి చూశాడు. ఆ తర్వాత, వైద్యుడు చీటీ రాసినంత ధీమాగా, "దీనికి వినికిడి పోయింది సార్. ఇంక ఆపాల్సిందే," అన్నాడు. తన చేత్తోనే ప్లగ్గు పీకాడు. దీపాలు ఆరిపోయాయి. కాసేపాగి మళ్ళీ పెట్టాడు.

స్విచ్ రొద చేస్తూ లేచింది. తెర మీద లైన్లు వరదలా వచ్చిపడ్డాయి. అన్నీ అయ్యాక, నువ్వెవరో చెప్పు, ఎంటర్ నొక్కు అని బుద్ధిగా అడిగి ఆగింది. నడవాలో ఎవరో చప్పట్లు కొట్టారు. చిన్నోడు ఎంటర్ నొక్కాడు.

ఏమీ రాలేదు.

ఇప్పుడే కళ్ళు తెరిచిన స్విచ్ ఇది, చక్కగా పని చేస్తోంది. ఇది కూడా తన మాట వినడం లేదంటే చెవుడు దానిది కాదు. జేబులోంచి క్లిప్పు తీసి, కేబుల్ కొసన రెండు తీగలూ కలిపి, చేతికొచ్చిన అక్షరమల్లా కొట్టాడు. ఒక్కటీ తిరిగి రాలేదు. పొద్దుటినుంచీ అతను కొట్టినదేదీ అతని లాప్‌టాప్ దాటి బయటికే వెళ్ళలేదు.

సెట్టింగులు తెరిచాడు. స్విచ్‌తో మాట్లాడేందుకు కొత్తగా వేసుకున్న ప్రోగ్రాములో ఒక గడిలో టిక్కు పెట్టి ఉంది. అవతలివైపు నుంచి 'సిద్ధం' అని వేరే తీగ మీద సైగ వస్తే తప్ప ఒక్క అక్షరం కూడా పంపొద్దని దాని అర్థం. అతని కేబుల్లో ఉన్నవి మూడే తీగలు, ఆ సైగ మోసే తీగ అందులో లేనే లేదు. రాని సైగ కోసం లాప్‌టాప్ నోరు కట్టుకుని కూర్చుంది, అతనేమో స్విచ్‌ను చెవిటిదన్నాడు. టిక్కు తీసి ఎంటర్ నొక్కగానే స్విచ్ టక్కున పలికింది. చిట్టా చూపించమని అడిగితే వెంటనే చూపించింది. మొదటి లైనులో 'యంత్రం మొదలైంది' అని ఉంది. దానికి ముందు ఏమీ లేదు.

పొద్దున్నే క్లిప్పు పెట్టి ఉంటే లారీవాడు ఇంకా టీ తాగుతుండగానే పని అయిపోయేది.

"చూశారా," అన్నాడు మేనేజరు, ఊపిరి పీల్చుకుంటూ. "నిన్న ఆయన మార్చింది పోగానే బాగుపడింది."

అదింకో దెబ్బ. ఏ మార్పు చేసినా ఒక రోజంతా నడిచి బాగుందనిపించాకే సేవ్ చెయ్యడం బావ అలవాటు. తేడా వస్తే ఆపి మళ్ళీ పెడితే చాలు, పాత పద్ధతికి వచ్చేస్తుందని ఆయన జాగ్రత్త. అందువల్ల నిన్నటి మార్పు కూడా చిట్టాతో పాటే పోయింది. సరిగ్గా చేశాడని చూపించడానికి కూడా ఏమీ మిగల్లేదు.

"ఎందువల్ల మొరాయించినా ఆపి మళ్ళీ పెడితే బాగుపడుతుంది సార్. దాన్నిబట్టి ఆయనదే తప్పని చెప్పలేం."

"మరి దేన్నిబట్టి చెప్పగలం?"

చిన్నోడు కేబుల్ చుట్టి సంచీలో పెట్టాడు.

ఫోనులో చెప్పే మాట కాదని సాయంత్రం నేరుగా అక్క ఇంటికే వెళ్ళాడు. తలుపు తీసింది అక్కే. "చదివావా?" అంది, లోపలికి రమ్మనకుండానే. అతని ముఖం చూసి పక్కకు తప్పుకుంది.

బావ అంతా విన్నాడు. వింటున్నంతసేపూ పని తెలిసినవాడిలాగే విన్నాడు, వేగం ఎంత పెట్టావు, కేబుల్ మూడు తీగలదేనా అని అడుగుతూ. అంతా అయ్యాక, "ఆ టిక్కు నన్నూ ఒకసారి ఏడిపించిందిలే," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అక్క అలా వదల్లేదు. "ఆయన అంత విడమరిచి చెప్తే ఎందుకు చెయ్యలేదురా?"

"తట్టలేదక్కా."

"తట్టకపోవడమేంటి, ఆయన చెప్పారుగా."

"ఊరుకోవే," అన్నాడు బావ.

"ఎందుకూరుకోవాలి? సరే, రేపు అందరిముందూ వీడు చెప్తాడుగా, మీ తప్పు లేదని."

"నాది తప్పని చెప్తానక్కా. చిట్టా పోగొట్టింది నేనేనని రాసిస్తాను. బావది తప్పు కాదని చెప్పడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు."

అక్క మంచినీళ్ళ గ్లాసు తెచ్చి, చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

కింద గేటు వెయ్యాలన్న నెపంతో బావ అతనితో పాటు మెట్లు దిగాడు. చివరి మలుపు దగ్గర ఆగి, రెయిలింగు పట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు.

"చిట్టాలో నా తప్పే బయటపడుతుందని భయపడ్డావు కదూ?"

లేదనబోయాడు. ఇవాళ్టికి చేసింది చాలనిపించింది.

"అవును బావా."

బావ తలూపాడు. కోపగించుకోలేదు.

"నేనూ భయపడ్డాను."

చిన్నోడు తలెత్తాడు.

"నిన్న సాయంత్రం త్వరగా రమ్మని మీ అక్క రెండుసార్లు ఫోన్ చేసింది. హడావిడిలో మార్చేసి వచ్చాను. సరిగ్గా మార్చానో, పోర్టు మారిపోయిందో... పొద్దుటినుంచీ ఎంత గుర్తు చేసుకున్నా గుర్తు రావట్లేదురా. నేను చెయ్యలేదని మీ అక్కకు చెప్పాను. చెప్పేశాను గానీ, నాకేం తెలుసు? నువ్వు చదివొచ్చి చెప్తే తెలుసుకుందామనుకున్నాను. తప్పయితే తప్పని ఒప్పుకునేవాణ్ణి. ఆ మందులు ఎవరికోసం వచ్చాయో కదా."

"బావా..."

"ఇంక ఎవర్ని అడగాలి?" అన్నాడు బావ. నిజంగానే అడుగుతున్నట్టు అతనివైపు చూశాడు.

పైనుంచి అక్క కేకేసింది. "ఇంకా కిందే ఉన్నారేంటి? రండి, మీరేం తప్పు చేశారని అలా దిగులుపడటం?"

"వస్తున్నా," అని బావ మెట్లెక్కి ఆమె దగ్గరికి వెళ్ళిపోయాడు.