మంచు కడగని చట్రాలు

లిండెన్ పూలు విచ్చిన వారంలో రోజాలియా తేనెపట్టు కట్టిన ఒక చెక్కచట్రాన్ని పాత దుప్పటిలో చుట్టి మా ఇంటికి తెచ్చింది. పెరట్లో నా తేనెటీగల పెట్టెలున్నాయి కాబట్టి దాన్ని అక్కడ విప్పవద్దని, నేలమాళిగలోకి పోదామని ఆమే అన్నది. ఆ జాగ్రత్త చూడగానే విషయం నాకు సగం అర్థమయింది.

దీపం కింద పెట్టి చూశాము. ఈగపిల్లలు పెరిగే గదుల మీది మైనపు మూతలు కొన్ని లోపలికి కుంగి, నూనె మరక పడ్డట్టు నల్లబారి ఉన్నాయి. కొన్నింటికి సన్నని చిల్లులున్నాయి. మాగిపోయిన వడ్రంగి జిగురు వాసన వేసింది. ఒక అగ్గిపుల్లను గదిలోకి దించి మెల్లగా పైకి లాగాను. తెల్లని పిల్లపురుగు ఉండవలసిన చోటినుంచి కాఫీరంగు తీగ ఒకటి సాగి, సాగి, తెగింది.

"ఇంకో గది చూడండి మాస్టారూ" అన్నది రోజాలియా.

ఇంకో గదిలోనూ అంతే. ఆమె పక్కనున్న బంగాళాదుంపల బస్తా మీద కూర్చుంది.

బడిలో జీవశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఆ తెగులు పేరు తెలుసు. ఈగల్ని పెంచే మనిషిగా ఆమెకూ తెలుసు. పేరు పైకి అనడానికి ఇద్దరమూ కొంచెం ఆలస్యం చేశాము. కుళ్ళుతెగులు మనుషులనేమీ చేయదు. ఎదిగిన ఈగనూ ఏమీ చేయదు. పిల్లలను మాత్రం గదిలోనే కరిగించి జిగురు చేస్తుంది. ఆ జిగురు ఎండిన చోట దాని బీజాలు, చెక్కలోనో మైనంలోనో, ఒక మనిషి ఆయుర్దాయమంత కాలం నిద్రపోగలవు. అందుకే మా దేశంలో చట్టం కఠినంగా ఉంది. కనిపించిన రోజే పశువైద్యశాఖకు చెప్పాలి, తెగులున్న పెట్టెలను ఈగలతో సహా తగలబెట్టాలి.

రోజాలియా భర్త ఓజ్‌బాల్ట్ కిందటి శరదృతువులో పోయాడు. మా లోయలో యజమాని పోతే ఆ కబురు పెట్టెలకు తట్టి చెప్పాలి, లేకపోతే ఈగలు అలిగి చచ్చిపోతాయి. శవపేటిక ఇంట్లో ఉండగానే ఓజ్‌బాల్ట్ వాళ్ళ అన్నయ్య వింకో వెళ్ళి, టోపీ తీసి, ఒక్కొక్క పెట్టెనూ వేలితో తట్టి చెప్పి వచ్చాడు. అయినా శీతాకాలం దాటేసరికి ఆ పెట్టెలన్నీ నిశ్శబ్దమయ్యాయి. వింకో తగినంత దుఃఖంతో తట్టలేదని కొందరు, భార్యే చెప్పవలసిందని కొందరు అనుకున్నారు. ఓజ్‌బాల్ట్‌కు సుస్తీగా ఉన్నప్పుడు ఈగలను పట్టే పిడుదులకు మందు వేసేవారు లేకపోవడమే కారణమని నేను అన్నాను. నా మాట, ఎప్పటిలాగే, మర్యాదగా విన్నారు.

ఈగలు పోయిన ఇంటిని మా పెంపకందార్ల సంఘం వదిలెయ్యదు. వసంతం రాగానే ప్రతి ఇంటివారూ తమ బలమైన పెట్టెనుంచి ఒక చట్రాన్ని, పిల్లలతో, తేనెతో, అంటుకున్న ఈగలతో సహా తెచ్చి ఇస్తారు. పుచ్చుకున్నవారు కృతజ్ఞత చెప్పకూడదు, చెబితే ఆ ఈగలు బతకవు. ఇచ్చిన చట్రాన్ని ఎత్తి పరీక్షగా చూడనూ కూడదు. పెట్టిన రొట్టెలో వెంట్రుక వెతికినట్టు లెక్క. మొదటి నియమంతో ఎవరికీ నష్టం లేదు. రెండవది ప్రమాదమని నేను సంఘంలో చెప్పినప్పుడల్లా "మాస్టారూ, పొరుగువాడి చేతిని అనుమానించి ఎక్కడ బతుకుతాం?" అనేవారు. ఆ ప్రశ్నకు విజ్ఞానశాస్త్రంలో జవాబు లేదు.

ఆ వసంతంలో రోజాలియాకూ చట్రాలు వచ్చాయి. అన్నిటికన్న నిండుగా ఉన్నది వింకో ఇచ్చినది. ప్రతి ఇంటి చట్రం పైచెక్క మీద ఆ ఇంటి గుర్తు కాల్చి ఉంటుంది. నా నేలమాళిగలో దీపం కింద ఉన్న చట్రం మీద వింకో తండ్రి కాలంనాటి గుర్తు కనిపించింది.

"తక్కినవాళ్ళవి అన్నీ చూశా. అంచుల్లో ఇప్పుడిప్పుడే మొదలు. దీంట్లోనే ముదిరింది" అన్నది రోజాలియా.

ఆమె పెట్టెలు ఎలాగూ పోయినట్టే. దాని గురించి ఆమె ఒక్క మాట కూడా అడగలేదు. అడిగినదంతా మర్నాటి సంగతి. మర్నాడు సాయంత్రం ఈగలు గూడు చేరగానే ద్వారాలు మూసి, మా సంఘం లారీ మీద అందరి పెట్టెలనూ అడవితేనె కోసం పైకొండల స్ప్రూస్ చెట్ల అడవికి తీసుకుపోవాలి. అక్కడ మూడు లోయలవారి పెట్టెలు ఒకే మైదానంలో పక్కపక్కన నిలబడతాయి. వింకో పెట్టెలు ఆ మైదానం చేరితే తెగులు మూడు లోయలకూ దిగుతుంది.

"ముందు ఆయనతో చెప్పాలి. ఓజ్‌బాల్ట్ పోయాక నా కట్టెలు కొట్టిందీ, కప్పు బాగుచేసిందీ ఆయనే. ఆయనకు చెప్పకుండా ఆఫీసుకు చెప్పలేను" అన్నది.

ఇద్దరమూ వెళ్ళాము.

వింకో పెరట్లో లారీ అప్పటికే నిలిపి ఉంది. గాష్పర్, మరికొందరు సభ్యులు పట్టీలు సరిచూస్తున్నారు. వింకో ఈగల కొట్టం మా లోయకే అలంకారం. వరుసలుగా పెట్టెలు, ఒక్కొక్క పెట్టె ముఖానికీ ముత్తాత గీయించిన రంగుల పలక. సాధువులు, వేటగాణ్ణి మోసుకుపోతున్న జంతువులు, ముసలిదాని నాలుకను సానరాయి మీద నూరుతున్న సైతాను. అక్కడి బూడిదరంగు ఈగలను వింకో జీవితమంతా ఎంచి పెంచాడు. ఆ సంతతి రాణి ఈగ లేని ఇల్లు మా లోయలో లేదు. మా వైపు పశువు చస్తే 'పడిపోయింది' అంటారు, ఈగ చస్తే మాత్రం 'కన్నుమూసింది' అంటారు. వింకో ఎదుట ఆ మాట కూడా గొంతు తగ్గించే అంటారు.

అతను మమ్మల్ని కొట్టం లోపలికి తీసుకుపోయి తలుపు వేశాడు. రోజాలియా చెప్పవలసింది చెప్పింది. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. ఆ చట్రాలు తండ్రివని, ఒక ఏడు తండ్రి ఈగలన్నీ పోతే కడిగి అటక మీద పెట్టారని, మంచి చెక్క వృథా కాకూడదని కిందటేడు దింపానని నింపాదిగా చెప్పాడు. మంచు అన్నిటినీ కడుగుతుందని మా లోయలో సామెత.

"ఎన్ని శీతాకాలాలు చూశాయి మాస్టారూ ఆ చట్రాలు! ఆ చలికి ఎలుగుబంట్లే చచ్చాయి. కంటికి కనపడని పురుగు బతుకుతుందా?"

"బతుకుతుంది వింకో. మరిగే నీళ్ళలో వేసినా బతుకుతుంది."

"మీరు నమ్మనివి చాలా ఉన్నాయి. ఇది మాత్రం నమ్ముతారన్నమాట" అని నవ్వి, మరదలి వైపు తిరిగాడు. "నీ పెట్టెలు నువ్వు కాల్చేసుకో అమ్మా. గొయ్యి నేనే తవ్వుతా. అడవినుంచి దిగొచ్చాక నావి నేను చూసుకుంటా. ఇంటి సంగతికి ఆఫీసువాళ్ళెందుకు?"

"అడవిలో నీరసించిన పెట్టెని పక్క పెట్టె దోచుకుంటుంది బావగారూ. తేనెతోపాటు దీన్నీ ఎత్తుకుపోతుంది. ఒక్క పెట్టె తెరవండి. శుభ్రంగా ఉంటే మీ కాళ్ళు పట్టుకుని ఇంటికి పోతా."

వింకో పెట్టెలకు వీపు ఆనించి నిలబడ్డాడు. రోజాలియా అతని భుజం పక్కగా కిటికీ గట్టువైపు చూస్తున్నది. నేనూ చూశాను. కాల్చని అగ్గిపుల్లలు కొన్ని గట్టు మీద పడి ఉన్నాయి. కొనలన్నీ కాఫీరంగులో ఎండి ఉన్నాయి.

అతను ఎప్పుడో చూసుకున్నాడు. ఒకసారి కాదు, నమ్మలేక మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడు.

"ఎప్పటినుంచి?" అని రోజాలియా మెల్లగా అడిగింది.

"ఇవి పోతే నా దగ్గర ఏముంటుంది రోజాలియా?" అన్నాడు వింకో. అది ఆమె ప్రశ్నకు జవాబు కాదు. అబద్ధం మాత్రం కాదు. అతని వెనకాల ఆ ఈగల రొద, ఆరోగ్యంగా ఉన్న ఈగల రొదలాగే, నిండుగా వినిపిస్తూనే ఉంది.

బయటికి వచ్చాము. లోపలి మాటలు కొన్ని పెరట్లోకి వినబడి ఉండాలి. రోజాలియా లారీ దగ్గర ఆగి, కొండెక్కే ముందు ఎవరి పెట్టెలు వారు తెరిచి చూసుకోమని అందరికీ చెప్పింది. వసంతంలో ఇచ్చింది మరిచిపోయావా అని ఒకరన్నారు. గాష్పర్ సైతాను పలక వైపు గడ్డం ఎత్తి, "దూరంగా నిలబడు రోజాలియా, వాడి సానరాయి ఇవాళ ఖాళీగా ఉంది" అన్నాడు. నవ్వారు. వింకో కొట్టంలోనుంచి బయటికి రాలేదు.

రోడ్డెక్కగానే ఆమె ఫోను తీసింది. ఇక్కడినుంచి పెరడంతా కనిపిస్తుంది, ఇంటికి పోయి చేద్దువుగానిలే అన్నాను.

"దాక్కుని చేస్తే చాడీ అవుతుంది మాస్టారూ. వాళ్ళు చూస్తుండగానే చేస్తా."

చూస్తుండగానే చేసింది. తన పేరు, తన ఇల్లు ముందు చెప్పింది. తరువాత వింకో పేరు చెప్పింది. పట్టీలు బిగిస్తున్న చేతులు ఒక్కొక్కటే ఆగిపోవడం నాకు రోడ్డు మీదికి కనిపించింది.

పశువైద్యశాఖనుంచి ఒక యువతి వచ్చింది. లారీని కదలనివ్వలేదు. ఇంటింటికీ తిరిగింది. వింకో పెట్టెలు దాదాపు అన్నీ, గాష్పర్‌వి సగం, నావి రెండు తెగులుతో తేలాయి. గొంతు పెంచకుండానే ఆ అమ్మాయి చెప్పిన మాటను తేలిగ్గా తీసుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. పలకలనైనా వదలండి, అవి మ్యూజియంవారు అడిగినవి అని గాష్పర్ వేడుకున్నాడు. చెక్క చెక్కే అని ఆమె అన్నది. నేను కూడా ఆ స్థానంలో ఉంటే అదే అనేవాణ్ణి. అందులో నాకు తృప్తి ఏమీ లేదు.

మొదట రోజాలియా పెట్టెలు కాలాయి. తరువాత వింకోవి. మరొకరు చెయ్యి వేస్తామంటే అతను ఒప్పుకోలేదు. సూర్యుడు కొండ చాటుకు పోయి, పుప్పొడి కాళ్ళతో చివరి ఈగలు లోపలికి పోయేదాకా నిలబడి, ఒక్కొక్క ద్వారాన్నీ తనే మూశాడు. ఈగలు కన్నుమూసేందుకు గంధకం పొగ తనే వేశాడు. లోపలి రొద ఒక్కసారి పెరిగి, చినుకులు ఆగినట్టు ఆగింది. గొయ్యిలో మైనం కరిగి నీలంగా మండింది. తేనె మాడిన వాసన లోయంతా తియ్యగా కమ్ముకున్నది. ఊరివాళ్ళు గొయ్యికి ఒక వైపు నిలబడ్డారు. రోజాలియా రెండో వైపు నిలబడింది. ఆమె పక్కకు నేను వెళ్ళాను. ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. తిట్టనూ లేదు. తిడితే బాగుండుననిపించింది.

మర్నాడు పొద్దున్నే ఆమె నా దగ్గరికి మందు కొట్టే డబ్బా కోసం వచ్చింది. పూల మీదే రాత్రి గడిపిన ఈగలు కొన్ని ఎప్పుడూ ఉంటాయి. తెల్లవారాక ఇంటికి వస్తాయి. ఇల్లు లేకపోతే కాసేపు వెతికి, దగ్గరలో ఉన్న మరో పెట్టెలోకి దూరుతాయి. వాటి కడుపులో ఉన్న తేనెతో తెగులు కూడా ఆ పెట్టెలోకి పోతుంది. ఆ సంగతి వింకోకు తెలియనిది కాదు. తెలిసినా అతను చేయలేడని ఆమె ఊహించింది.

డబ్బాలో సబ్బునీళ్ళు నింపుకుని వెళ్ళాము. ఖాళీ కొట్టం గోడ మీద, నిన్నటిదాకా పలకలున్న చోట, ఈగలు ముద్దలు ముద్దలుగా వేలాడుతున్నాయి. కొన్ని ఉత్త గాలిలో, పాత ద్వారాల ఎత్తునే, వచ్చి ఆగి వెనక్కు పోయి మళ్ళీ వస్తున్నాయి. వింకో నిన్నటి బట్టలతోనే గోడ ఎదుట తొట్టి అంచు మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు.

రోజాలియా అతని అనుమతి అడగలేదు. గోడ దగ్గరికి వెళ్ళి సబ్బునీళ్ళు కొట్టసాగింది. ముద్దలు తడిసి, బరువెక్కి, నేల మీద రాలాయి. ఆమె చెయ్యి ఆగలేదు. ఒక మూలనుంచి మొదలుపెట్టి మరో మూలదాకా వెళ్ళి, ఇక లేవనుకుని డబ్బా దింపింది.

వింకో కూర్చున్న చోటినుంచే చెయ్యి ఎత్తి చూరు కింది దూలాన్ని చూపించాడు.

"అక్కడ ఇంకొన్ని ఉన్నాయి" అన్నాడు.